సుద్దముక్కతో రాసిన మాట

చర్చిలో చేతికందేది చిన్న రొట్టెముక్క. క్యాథలిక్కులకు దివ్య సత్ప్రసాదం, ప్రొటెస్టెంట్లకు ప్రభురాత్రి భోజనం. మరి అందులో క్రీస్తు ఉన్నట్టా?

1529 అక్టోబరులో జర్మనీలోని మార్బర్గ్ కోటలో ఇదే పేచీ. రొట్టెను చూపి అది తన శరీరమని ప్రభువు చెప్పిన మాటను లూథర్ సుద్దముక్కతో బల్లమీద లాటిన్‌లో రాసేశాడు. 'అదే' అని ఆయన పట్టు. 'అది గుర్తు మాత్రమే' అంటాడు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన జ్వింగ్లీ. ఇద్దరూ చదివింది ఒకే వాక్యం! పదిహేను అంశాల్లో పద్నాలుగు కుదిరాయి. పదిహేనోదాంట్లో అసలు సంగతి తేలలేదు. కలిసి రొట్టె విరవకుండానే విడిపోయారు.

1842లో హేయర్ దొర గుంటూరుకు తెచ్చింది లూథర్ బాటే.

ఐరోపాలో ఆ రెండు వర్గాల సంఘాలూ ఒకరి బల్ల దగ్గరకు ఒకరు రావచ్చని ఒప్పుకున్నది 1973లో, ల్యూయెన్‌బర్గ్ ఒప్పందంతో. అంటే 444 ఏళ్లకు!