శిశువు గదికి రంగులు

పసిబిడ్డ గది నలంకరింప నెంచిన తల్లిదండ్రులు మొట్టమొదట రంగును గూర్చియే యోచింతురు. అది కంటి కింపుగా నున్న చాలునా? శిశువు గోడను చూచి యూరకుండడు. చేతులతో తడవును, గోళ్లతో గీకును, ఆ వ్రేళ్లనే నోట బెట్టుకొనును.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునందు పూర్వము పిల్లలు పలువురు సీసపు విషముచే రోగగ్రస్తులైరి. ఇండ్ల గోడలకును వసారా కమ్మీలకును పూసిన రంగే యందులకు మూలమని 1904లో గిబ్సన్ అను వైద్యుడు ప్రకటించెను. 1922లో నచట పిల్లల కందుచోట్ల నట్టి రంగు నిషేధింపబడెను. సీసము శిశువు మెదడును చెరచును. పోయిన బుద్ధిబలము మరల రాదు.

మన దేశపు 2016 నాటి నిబంధనల ప్రకారము ఇండ్ల రంగులయందు సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. కావున మేము తల్లిదండ్రులకు విన్నవించున దేమనగా: కొనుటకు ముందు డబ్బాపై నీ మాట యున్నదో లేదో చూడుడు. కిటికీలకును తలుపులకును గల పాతరంగు పెచ్చులూడుచున్నచో పొడిగా గీకింపకుడు. ఆ ధూళియే మిక్కిలి హానికరము. తడిపి తీయించుడు, పని ముగిసి గది కడుగువరకు బిడ్డను వేరుచోట నుంచుడు.

సున్నము వేసి యారిన గోడపై, బిడ్డ కన్నులకందు నెత్తున నొక పక్షిబొమ్మ యున్నను గది శోభించును.