గాలికి కూత పెట్టే యంత్రం

సోడార్ చేసే పని వినడానికి పిచ్చిగా ఉంటుంది. ఆకాశంలోకి గట్టిగా ఓ కూత వేసి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గుతుంది. పైన కొండా లేదు, గోడా లేదు, ఉన్నదంతా గాలే. మరి కూతను తిప్పి పంపేదెవరు?

ఆ గాలే. ఒక డిగ్రీ వేడెక్కితే గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. వేడిగాలీ చల్లగాలీ కలబడే చోట ధ్వని చెదిరి, పిసరంత వెనక్కి మళ్లుతుంది. రెండు సెకన్లకు వినబడితే, అది 340 మీటర్ల ఎత్తు నుంచి వచ్చినట్టు.

దీని పుట్టిల్లు వాతావరణ శాఖ కాదు, అమెరికా టెలిఫోన్ కంపెనీ. మైక్రోవేవ్ సంకేతాలు దారిలో ఎందుకు నీరసిస్తున్నాయో తేల్చే పనిలో ఆ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌కు చెందిన గిల్మన్, కాక్స్‌హెడ్, విల్లిస్ గాలి పొరల మీదికి ధ్వనిని వదిలి చూశారు. 1946లో ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు అమెరికాలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1968లో ఆస్ట్రేలియాలో మెకాలిస్టర్ ఈ ప్రతిధ్వనుల్ని బొమ్మలుగా చూపించాడు. మరుసటి ఏడు కొలరాడోలోని బౌల్డర్‌లో గోర్డన్ లిటిల్ ఓ వ్యాసంలో లెక్కగట్టి చెప్పాడు: గాలిలోని హెచ్చుతగ్గులకు రేడియో తరంగాల కంటే ధ్వనే ఎన్నో రెట్లు ఎక్కువగా చెదురుతుంది. నన్నడిగితే, సోడార్‌కు అసలు ప్రాణం పోసింది ఆ వ్యాసమే.

సోడార్ గీసే బొమ్మ ముచ్చటగా ఉంటుంది. నిర్మలమైన రాత్రి నేలకు కాస్త పైన ఓ నల్లటి పట్టీ కనిపిస్తుంది. చల్లగాలి మీద వేడిగాలి మూతలా కూర్చున్న చోటు అది, పొగను కిందే ఆపేసేదీ అదే. పొద్దెక్కి నేల కాగగానే కింది నుంచి నిలువు గీతలు లేస్తాయి, పట్టీ పైకి జరిగి చెదిరిపోతుంది.

ఆ తర్వాత డాప్లర్ ప్రభావం తోడైంది. గాలి యంత్రం వైపు వస్తుంటే ప్రతిధ్వని స్వరం హెచ్చుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. దాన్ని బట్టి గాలివేగం తెలుస్తుంది. 1975 జూన్ 24న న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో దిగబోతున్న ఈస్టర్న్ 66 విమానం ఉరుముల వాన తెచ్చిన గాలి విసురుకు కూలి, వందమందికి పైగా చనిపోయారు. అలాంటి గాలిని ముందే పట్టుకోవడానికి ఆ దశకంలోనే వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో ధ్వని యంత్రాన్ని పరీక్షించారు. కానీ జోరువానలో సోడార్‌కు చెవుడు, చినుకుల చప్పుడే దానికి వినబడేది. అందుకే పక్కన రాడార్ కూడా పెట్టారు. రాడార్‌కు చినుకులే చుట్టాలు!

పైగా దీని కూతలు ఇరుగుపొరుగుకు నిద్ర పట్టనివ్వవు. అయినా గాలిమరలు నిలబెట్టే చోటు వెతికేవాళ్లకు, ఎత్తైన స్తంభం పాతడం కంటే ట్రైలర్ మీద సోడార్ తెచ్చుకోవడమే సులువు. మన దగ్గరా సోడార్‌కు పని ఉంది: తిరుపతి దగ్గరి గాదంకిలో గాలిని పరిశీలించే 1,024 యాంటెన్నాల పెద్ద రాడార్ ఉంది. నేలకు దగ్గరి గాలి దాని కంటికి ఆనదు. ఆ గాలి కోసం అక్కడివాళ్లు సోడార్ పెట్టుకున్నారు.