కారు అమ్మేసి ఊరు మారుతున్నారా? ఈ లెటర్ తీసుకోకపోతే సగం డిస్కౌంట్ గోవిందా!

అయిదేళ్లు ఒక్క క్లెయిమ్ కూడా చేయకుండా కారు నడిపారు. ఉద్యోగం మారింది, కారు అమ్మేసి వేరే ఊరు వెళ్లారు. అక్కడ కొత్త కారు కొంటే షోరూమ్‌లో ఇన్సూరెన్స్ ఫుల్ రేటు చెప్పారు. మరి ఇన్నేళ్ల మంచి రికార్డు ఏమైనట్టు?

అసలు విషయం ఏంటంటే.. నో క్లెయిమ్ బోనస్, అంటే ఎన్‌సీబీ, కారుకు కాదు, ఓనర్‌కు చెందుతుంది. కారు అమ్మినా ఆ బోనస్ మీ దగ్గరే ఉంటుంది. కొన్నవాళ్లకు అది వెళ్లదు. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత వరుసగా 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతం. అయితే ఈ తగ్గింపు ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద ఉండదు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12 వేలు అనుకుంటే, 50 శాతం బోనస్‌తో 6 వేలు మిగిలినట్టే.

కానీ అది మీదేనని నిరూపించాలి కదా? అందుకే కారు అమ్మగానే పాత ఇన్సూరెన్స్ కంపెనీని ఎన్‌సీబీ లెటర్ అడగాలి. పాలసీ కాపీ, కారు అమ్మినట్టు రుజువు ఇస్తే సరిపోతుంది. ఈ లెటర్ మూడేళ్ల వరకు చెల్లుతుంది. కొత్త కారు మాత్రం అదే పేరు మీద ఉండాలి. భార్య పేరు మీద కొని భర్త బోనస్ వాడతామంటే కుదరదు.

విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్లకూ ఛాన్స్ ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. దుబాయ్‌లోనో, లండన్‌లోనో సంపాదించిన బోనస్‌ను మన దేశంలో వాడుకోవడానికి మోటార్ టారిఫ్ రూల్స్ ఒప్పుకుంటాయి. అక్కడి పాలసీ ముగిసిన మూడేళ్లలోపు ఇక్కడ పాలసీ తీసుకోవాలి, అక్కడి కంపెనీ ఇచ్చిన లెటర్ చూపించాలి. లైసెన్స్ ఆఫీస్ ఇచ్చే డ్రైవింగ్ రికార్డు ఇందుకు సరిపోదు. ఫ్లైట్ ఎక్కే ముందే తీసుకోవడం బెటర్, ఇక్కడికొచ్చాక మెయిల్స్ పెడుతూ కూర్చోవడం పెద్ద తలనొప్పి.

ఇక కారును ఇంటి దగ్గర నాన్నగారికి వదిలేసి అమెరికా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాలసీ ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే, పోగైన బోనస్ మొత్తం సున్నా అవుతుంది.

లెటర్ లేకపోతే? క్లెయిమ్ లేదని డిక్లరేషన్ రాసిచ్చి బోనస్ తీసుకోవచ్చు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి సరిచూసుకుంటుంది. ఇక్కడే కొందరు ఏజెంట్లు "ఏం కాదు సార్, టిక్ పెట్టేయండి" అంటుంటారు. అది అబద్ధమని తేలితే, యాక్సిడెంట్ అయినప్పుడు ఓన్ డ్యామేజ్ కింద పైసా రాకపోవచ్చు. కొన్ని వేలు మిగిలాయనుకుంటే, లక్షల రిపేర్ బిల్లు మీరే కట్టుకోవాల్సి వస్తుంది.