నాలుగు టైర్లా, ఆరు టైర్లా?

పోయిన నెల మా బావమరిది మారతహళ్ళి వచ్చి సెల్‌లో రెండు ఫోటోలు చూపించినాడు. ఒకటి నాలుగు టైర్ల పికప్, ఇంకోటి వెనకాల జంట టైర్లుండే పాత 407. "బావా, ఏది తీసుకోమంటావు?" అన్నాడు. డబ్బేమో వాళ్ళ నాయన మిల్లు నుంచి దిగినప్పుడు వచ్చిన పి.ఎఫ్. పోతే మళ్ళీ రాదు. పద్నాలుగేళ్ళుగా ఈ రింగు రోడ్డు మీద బండి నడుపుతున్న నాకే జవాబు వెంటనే రాలేదు.

మనవాళ్ళకు బేళ్ళ లెక్కలో చెబితే సులువు. పత్తి బేలు ఒకటి సుమారు 170 కిలోలు. ఒకటిన్నర టన్ను పాసింగ్ ఉన్న పికప్‌లో ఎనిమిది ఎక్కిస్తే 1,360 కిలోలు. పది ఎక్కిస్తే 1,700, అంటే హద్దు దాటినట్టే. అయినా బండి కదులుతుంది, మోసమంతా అక్కడే ఉంది. బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీద, అక్కడున్నవి రెండే టైర్లు. నేనూ అట్లే ఒకసారి గార్మెంట్ తానులు కుక్కి మారతహళ్ళి బ్రిడ్జి దిగుతుంటే వెనక ఎడమ టైరు పేలింది. బండి తోక ఊగినట్టు ఊగింది. పక్కనే స్కూటరు మీద ఒక తల్లీ బిడ్డా పోతున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

జంట టైర్లలో ఒకటి పేలినా పక్కది కాసేపు మోస్తుంది, బండి ఓరకు తీసుకునే టైం దొరుకుతుంది. జనరేటర్ ట్రాలీ వెనక తగిలించి లాగేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కొక్కెం మీద పడే బరువు వెనక ఇరుసునే నొక్కుతుంది. వెడల్పుగా కూర్చున్న టైర్లు ఊగడాన్ని తగ్గిస్తాయి.

అయితే జంట కాపురానికి ఖర్చూ జంటే. మార్చేటప్పుడు రెండు టైర్లు ఎక్కువ కొనాలి. రెండింటి మధ్యన రాయి ఇరుక్కుంటుంది. లోపలి టైరులో గాలి ఎవరూ చూడరు, అది తగ్గితే బరువంతా బయటిదాని మీద పడి వేడెక్కిపోతుంది. కొత్తదాని పక్కన అరిగినది వేసినా అంతే, పెద్దదే మోయాలి. ఇక మున్నేకొళాల సందుల్లో ఆ బండిని తిప్పడం నాకు తెలుసు, వద్దులెండి.

లైసెన్సు గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండ్లను ఎల్.ఎం.వి. లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది.

మా మాటలు విని బావమరిది భార్య అడిగింది: "అన్నా, నెలలో ఎన్ని దినాలు నిండా లోడు దొరుకుతాది?"

వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టినాడు. ఐదు, మహా అయితే ఆరు. మిగతా దినాలన్నీ ఇళ్ళు మారేవాళ్ళ బీరువాలు, మంచాలు, అవీ సందుల్లోకే.

"అయితే ఆ ఐదు దినాలు రెండు ట్రిప్పులు వేసుకో" అంది.

నాకూ అదే సరి అనిపించింది. రోజూ నిండా లోడు, ట్రాలీ లాగుడు ఉండేవాడు అడిగితే ఆరు టైర్లే చెప్పేవాణ్ణి.

ఆదివారం పికప్ చూడబోతున్నాం. ఆర్.సి.లో ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేసి, మిగిలిన అంకెను స్టీరింగ్ ఎదురుగా పెయింటుతో రాయిస్తానన్నా. బావమరిది నవ్వినాడు గానీ, వాళ్ళావిడ నవ్వలేదు. పెద్ద అక్షరాలతో రాయించమంది.