జాన్సన్ గోధుమలు, శాస్త్రి కాలువ

మిర్యాలగూడ నుంచి హాలియా వైపు బస్సులో పోతుంటే దారి పొడుగునా నడుమెత్తు మొక్కలు, వాటి నిండా చిన్న చిన్న తెల్లపూలు. వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. ముట్టుకుంటే దురద, పూత సమయంలో ఆయాసం. పశువులు మూతి పెట్టవు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. 1950ల నడుమ పుణెలో దీన్ని గుర్తించారు. అమెరికా గోధుమలతో కలిసి వచ్చిందని అందరూ చెప్పుకుంటారు. అయితే కుంపిణీ కాలపు వృక్షశాస్త్రుల జాబితాలోనే దీని పేరుందన్న వాదన కూడా ఉంది కనుక నేరమంతా గోధుమల మీద వేయలేం. అయినా ఆ కథే జనం నోట నిలిచింది. నిలవదా మరి, ఆ రోజుల్లో అమెరికా అంటే ఊరికి తెలిసింది గోనెసంచి ఒక్కటే!

సంచి మీద చేతులు కలిపిన బొమ్మ, కింద ఇంగ్లీషులో 'అమెరికా ప్రజల కానుక, అమ్మరాదు' అన్న ముద్ర. కేర్ సంస్థ ఇచ్చే ఆ రవ్వతో సర్కారు బళ్ళలో ఉప్మా వండేవారు. జొన్న గటుక, అంబలి తాగి పెరిగిన పిల్లలు ఆకులో, గిన్నెలో పెట్టించుకుని తిన్న ఆ పచ్చటి ఉప్మా సంగతి ఇప్పుడు తాతలై కూడా చెబుతుంటారు.

దీని వెనుక చట్టం మీద 1954 జులై 10న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టాడు. మనవాళ్ళ నోట అది పి.ఎల్. 480. అమెరికా రైతుల దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని డాలర్లు లేని దేశాలకు వాళ్ళ సొంత డబ్బుకే అమ్మే ఏర్పాటు. 1960 మే నెలలో ఆయన, మన ఆహారమంత్రి ఎస్.కె. పాటిల్ కలిసి చేసిన ఒప్పందం ప్రకారం నాలుగేళ్ళలో కోటీ డెబ్భై లక్షల టన్నులు రావాలి. లెక్కేస్తే దాదాపు రోజుకో ఓడ. కెనడీ వచ్చాక దానికి 'శాంతి కోసం ఆహారం' అని పేరు పెట్టారు.

అసలు కథ కెనడీ తర్వాత అధ్యక్షుడైన లిండన్ జాన్సన్‌ది. ఆయన పుట్టిపెరిగింది టెక్సాస్‌లోని రాళ్ళగుట్టల సీమలో. వాన పడితే పంట, లేదంటే అప్పు. మన దేవరకొండ చెలకల సంగతే అనుకోండి. అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యాక ఆయన మొదట పేరు తెచ్చుకున్నది కూడా అక్కడి నది మీద ఆనకట్టలకు నిధులు తెచ్చి, పల్లెలకు కరెంటు ఇప్పించే. మెట్టపొలం కష్టం తెలిసిన మనిషే మన ఆకలి విషయంలో అంత బిగించాడంటే వింతగానే ఉంటుంది.

1965 ఏప్రిల్లో, మన ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి చేయవలసిన అమెరికా పర్యటనను జాన్సన్ వాయిదా వేయించాడు. వియత్నాం యుద్ధం మీద మన మాటలు ఆయనకు గిట్టలేదు. ఆ ఏడే వానలు ముఖం చాటేశాయి. దేశంలో తిండిగింజల దిగుబడి 8.9 కోట్ల టన్నుల నుంచి 7.2 కోట్లకు పడిపోయింది. జాన్సన్ పెద్ద ఒప్పందాలు పక్కన పెట్టి, కొద్దినెలలకు సరిపడా కొలిచి కొలిచి ఇచ్చాడు. ఓడ రేవులో దిగితేనే నోట్లోకి ముద్ద. సేద్యం మీద మీరు డబ్బు పెట్టండి, అప్పుడే గింజలు అన్నది ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఎదుటివాడి కంచం చేతిలో పట్టుకుని చెప్పే బుద్ధి ఎవరికి రుచిస్తుంది? శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని జనాన్ని అడిగారు. మన దగ్గర ఒక్కపొద్దులు కొత్త కాదు, ఈసారి దేవుడి కోసం కాదంతే. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో ఆయన పోయారు. ప్రధానిగా అమెరికా గడప తొక్కనేలేదు.

ఇటు కృష్ణ మీద 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట రాయి మీద రాయిగా లేస్తూనే ఉంది. పొట్ట చేతపట్టుకుని వచ్చిన పాలమూరు కూలీల చెమట ఆ కట్టలో ఉంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. నల్లగొండ మీదుగా సాగే ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. జాన్సన్ రావద్దన్న మనిషి పేరే! మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పక్క జొన్నచేలు మడికట్లయ్యాయి, మిల్లులు లేచాయి. దేవరకొండ, మునుగోడు వైపు మాత్రం ఆ నీళ్ళు ఎక్కలేదు. మునుగోడు జనం ఫ్లోరైడు నీళ్ళే తాగారు. రాళ్ళు మోసిన పాలమూరుకు దక్కింది మరో డ్యాం దగ్గర కూలి.

గోధుమల తాలూకు రూపాయలు మాత్రం అమెరికా ఖాతాలో గుట్టపడ్డాయి. నిక్సన్ హయాంలో, 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కు మన ప్రభుత్వానికి రాసిచ్చాడు. అంత పెద్ద చెక్కు అప్పటికి లేదని రికార్డుల పుస్తకానికెక్కింది.

దాదాపు యాభై ఏళ్ళకు కథ తిరగబడింది. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ వారం అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు మనవాళ్ళు సోనామసూరి కోసం బారులు తీరారు. కొన్ని కొట్లలో ఇంటికి ఒక్క బస్తానే అని కాగితం అంటించారు. ఆ బస్తాల మీద చేతులు కలిపిన బొమ్మ లేదు, ధర చీటీ ఉంది.