పెంగ్విన్లని చూడాలంటే ముందు పాస్‌పోర్టు తీసి చూడండి

2024 డిసెంబరులో జెడ్డా నుంచి అరోయా ఓడ తిరగడం మొదలయ్యాక మన గ్రూపుల్లో క్రూయిజ్ మాటలు బాగా పెరిగాయి. ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "ఓడలో వెళ్తూ మధ్యలో దిగి పెంగ్విన్లని చూసి రావచ్చా అక్కా? పిల్లలు ఒకటే గోల."

జెడ్డాలో ఎక్కే ఓడతో అయితే కుదరదు. ఎర్రసముద్రంలో డాల్ఫిన్లున్నాయి, తాబేళ్లున్నాయి, పెంగ్విన్లు మాత్రం లేవు. స్వేచ్ఛగా తిరిగే పెంగ్విన్లు దాదాపు అన్నీ భూమధ్యరేఖకి కిందనే ఉంటాయి. అర్జెంటీనా, చిలీ వైపు ఓడలు ఆగే చోట్ల బోలెడు కనిపిస్తాయి గానీ అక్కడికి చేరేసరికే మన సెలవు సగం అయిపోతుంది. అంటార్కిటికా ఖర్చు గురించి నన్ను అడగొద్దు. సౌదీలో ఉన్నవాళ్లకి అందుబాటులో ఉన్నది దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్. జెడ్డా నుంచి అడిస్ అబాబాలో విమానం మారి వెళ్లొచ్చు. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఓడల సీజను.

పెంగ్విన్లుండేది ఊళ్లో కాదు. దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సైమన్స్ టౌన్‌లో, బౌల్డర్స్ బీచ్ అనేచోట. 1982లో రెండు జంటలు వచ్చి ఇళ్ల పక్కనే కాపురం పెట్టాయట. అలా పెరిగిందే ఇప్పుడున్న గుంపు. టేబుల్ మౌంటెన్ నేషనల్ పార్కు వాళ్లు చెక్క బాటలు కట్టారు, టికెట్ కొని వాటి మీద నడుస్తూ చూడొచ్చు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని కూడా తీసుకెళ్లొచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇండియన్ పాస్‌పోర్టుకి దక్షిణాఫ్రికా వీసా కావాలి. "ఒక్కపూటే కదా దిగేది" అంటే ఒప్పుకోరు. ఓడ నమీబియా వెళ్లి మళ్లీ కేప్ టౌన్‌కే తిరిగొస్తుందనుకోండి, అప్పుడు రెండుసార్లు ప్రవేశించినట్టు లెక్క. ఒకసారికే ఇచ్చిన వీసా సరిపోదు, నమీబియా వీసా సంగతి మళ్లీ వేరే. కాబట్టి ఓడ దారి మొత్తం కాగితం మీద రాసుకుని, దాన్ని బట్టి అప్లై చేయండి.

వీసాకి పెట్టినన్నాళ్లూ పాస్‌పోర్టు మన చేతిలో ఉండదు. మనలాంటివాళ్లకి దీన్ని మించిన భయం లేదు. ఆ రోజుల్లోనే ఇంటి దగ్గర నాన్నకి ఒంట్లో బాగాలేదని ఫోను వస్తే? తాయిఫ్‌లో పనిచేసే ఒక సిస్టర్, మా గ్రూపులో అందరికన్నా సీనియర్, ఈ ఒక్క కారణంతోనే రెండేళ్లు వాయిదా వేసింది. వాళ్లమ్మకి గుండె ఆపరేషన్ అయి, డాక్టరు పర్వాలేదన్నాకనే ఫైలు పెట్టింది. తెలివైన పని చేసిందనే అంటాను. మీ ఇంట్లో పెద్దవాళ్ల పరిస్థితి అటూ ఇటుగా ఉంటే పెంగ్విన్లు ఎక్కడికీ పోవు, ఆగండి.

తర్వాత ఎగ్జిట్ రీ ఎంట్రీ. ఒకసారికి ఇచ్చేది రెండు నెలలకి 200 రియాళ్లు, ఆపైన ప్రతి నెలకీ 100. చాలాసార్లు వెళ్లిరాగలిగేది మూడు నెలలకి 500. దక్షిణాఫ్రికా చూసుకుని అటునుంచి అటే ఇండియా వెళ్లి సౌదీకి తిరిగొస్తే ఒక్కటి చాలు. మధ్యలో డ్యూటీకని ఒకసారి వచ్చి మళ్లీ వెళ్తే చాలదు. పాస్‌పోర్టుకి కనీసం 90 రోజుల గడువు ఉండాలి. "ఇన్ని రోజులు" అని ఇచ్చారా, "ఫలానా తేదీలోపు" అని ఇచ్చారా అన్నది కూడా చదువుకోండి. మొదటిదైతే దేశం దాటిన రోజు నుంచి లెక్క, రెండోది అలా కాదు. నర్సులకి ఇది ఆసుపత్రి వాళ్లు తీస్తారు, ఇంట్లో ఉండేవాళ్లకి భర్త అబ్షర్‌లో తీస్తాడు. తీసేది ఎవరైనా చదవాల్సింది మీరే.

నర్సులకి ఇంకో ముక్క: అడిస్‌లో 12 గంటలు దాటి ఆగే టికెట్ కొంటే దక్షిణాఫ్రికా వాళ్లు ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడుగుతారు. చవకని ఇరవై గంటల ఆగుడున్న టికెట్ కొనకండి. పిల్లల్ని తండ్రి లేకుండా తీసుకెళ్తే జనన ధ్రువపత్రం, ఆయన సమ్మతి పత్రం కూడా తయారుగా ఉంచుకోవాలి.

ఇప్పుడు ఓడ ఆగిన రోజు సంగతి. లెక్క ఎప్పుడూ చివరి నుంచి వెనక్కి వేయాలి. ఓడ పొద్దున 8కి ఆగి, సాయంత్రం 5కి అందరూ ఎక్కేయాలి అన్నారనుకోండి. 8కే దిగేస్తామనుకోకండి. దక్షిణాఫ్రికాలో అదే మొదటి రేవైతే ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఒక్కొక్కరి పాస్‌పోర్టు, మొహం చూసి పంపుతారు. గంటన్నర తేలిగ్గా పోతుంది. తొమ్మిదిన్నరకి కారెక్కితే పదిన్నరకి అక్కడ. గంటన్నర చూసి 12కి బయల్దేరితే ఒంటిగంటకి రేవు దగ్గర ఉంటారు. అప్పటికి నాలుగు గంటలు మిగిలాయని కేప్ పాయింట్ కూడా కలుపుదామంటారు ఎవరో ఒకరు. ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. అది సైమన్స్ టౌన్ దాటి ఇంకా దక్షిణంగా. వచ్చేసరికి సాయంత్రం ట్రాఫిక్ మొదలవుతుంది. నా మాట వినండి, ఓడ కదిలే గడువుకి రెండు గంటల ముందే రేవులో ఉండండి.

ఓడవాళ్లు అమ్మే టూరు తీసుకోవాలా, సొంతంగా కారు మాట్లాడుకోవాలా? నలుగురైదుగురు కలిసి కారు మాట్లాడుకుంటే మనిషికి చాలా తక్కువ పడుతుంది, నిజమే. కానీ ఓడవాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మన కారు ఆలస్యమైతే ఆగదు. ఓడ వెళ్లిపోతే సామాను లోపల, మనం బయట, రీ ఎంట్రీ రోజులు కరిగిపోతూ ఉంటాయి. ఆడవాళ్లమే వెళ్తున్నాం, ఇది మొదటిసారి అంటే ఓడవాళ్ల టూరే మేలని నా అభిప్రాయం. ఒకసారి వెళ్లినవాళ్లు కారు మాట్లాడుకోవచ్చు. ఎలా వెళ్లినా పాస్‌పోర్టు, వీసా, ఇఖామా కాపీలు చేతిసంచిలో ఉండాలి, ఫోనులో కూడా. అక్కడి టైము సౌదీ కన్నా గంట వెనక. ఓడ గడియారం ఎటు నడుస్తోందో దిగేముందు అడిగి చేతి గడియారానికి అదే పెట్టుకోండి. పులిహోర డబ్బా సంగతీ అడగండి, చాలా రేవుల్లో ఓడలోంచి తిండి బయటికి తేనివ్వరు.

వేసవిలో అక్కడ ఆగ్నేయపు గాలి విపరీతంగా వీస్తుంది. ఒక్కోసారి ఓడ రేవులోకి రాలేక సముద్రంలోనే ఆగిపోతుంది. కాబట్టి డబ్బు తిరిగి రాని టికెట్లు ముందే కొనకండి. నన్నడిగితే విమానంలో వెళ్లి, ఓడ ఎక్కడానికి రెండు రోజుల ముందే కేప్ టౌన్‌లో దిగడం అన్నింటికన్నా నయం. పొద్దున్నే గానీ, అవి చేపల వేట నుంచి తిరిగొచ్చే సాయంత్రం గానీ చూడొచ్చు. తాయిఫ్ సిస్టర్ చివరికి అలాగే వేసుకుంది. హైదరాబాద్ హాస్టల్లో చదివే కూతురు అటునుంచి వస్తుంది. ముప్పై రోజుల సెలవులో పది రోజులు ఇంటికి కాకుండా వేరేచోట గడపడం ఆవిడకి పదహారేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి.

ఇంతా చేసి వెళ్తే కనిపించేది రెండడుగుల పక్షి. మూడు కిలోల బరువు, గాడిదలా ఓండ్ర పెడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే ఈకలు రాల్చుకుంటూ చింపిరిగా, దిగులుగా నిలబడి ఉంటాయి. జబ్బేమీ కాదు. కొత్త ఈకలొచ్చేదాకా మూడు వారాలు నీళ్లలోకి దిగలేవు, తిండి ఉండదు, ఒంట్లో కొవ్వు మీదే బతుకుతాయి. అప్పుడు వాటిని తరిమినా, ఫొటో కోసం పిల్లల్ని మీదకి తోసినా ఉన్న శక్తి కాస్తా పోతుంది. ముక్కు కూడా బ్లేడులా ఉంటుంది, పొడిస్తే కుట్లే.

ఈ జాతి తీవ్ర ప్రమాదంలో ఉందని 2024 అక్టోబరులో ప్రకటించారు. మిగిలింది పదివేల జంటల లోపే. తినే చేపలు తగ్గిపోవడం పెద్ద కారణం. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ అక్కడికి దగ్గర్లో మునిగి చమురు పరుచుకుంటే సుమారు 19 వేల పెంగ్విన్లని వాలంటీర్లు కడిగి బతికించారు. చమురు అంటని ఇంకో 19 వేలని లారీల్లో పోర్ట్ ఎలిజబెత్ తీసుకెళ్లి సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇంటికొచ్చేలోపు ఇక్కడ నీళ్లు శుభ్రం చేయొచ్చని. పీటర్ అని పేరుపెట్టిన ఒకదానికి ట్రాన్స్‌మీటర్ కట్టి జనం రోజూ దాని దారి చూశారు. మూడు వారాల లోపే ఇల్లు చేరింది.

తిరుగు ప్రయాణంలో కారు తీసేముందు డ్రైవరు వంగి చక్రాల కింద చూస్తాడు. కంగారుపెట్టకండి, నీడ కోసం అవి కార్ల కింద దూరి పడుకుంటాయి. చూడమని అక్కడ బోర్డు కూడా ఉంటుంది.