రిపోర్టు బాగుందని గోలీ ఆపొద్దు: ఇమాటినిబ్ ఎలా పనిచేస్తుందంటే

బ్లడ్ క్యాన్సర్ అంటే ఒక్కటే జబ్బు కాదు. అందులో క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, పొట్టిగా సీఎంఎల్, ఒక రకం. దీనికి ఎక్కువమంది వాడేది రోజూ ఇంట్లోనే మింగే ఇమాటినిబ్ గోలీ. చాలామందిలో కొన్ని వారాలకే తెల్లకణాల లెక్క మామూలుకు వస్తుంది. చిక్కంతా అక్కడే. రిపోర్టు చూసి "అబ్బాకు నయమైంది కదా, ఇంకెందుకు" అని గోలీ ఆపేసే ఇళ్లున్నాయి.

ఎందుకు ఆపకూడదో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఎముక మజ్జలోని ఒక మూలకణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క తారుమారవుతాయి. పొట్టిగా మిగిలిన ఆ 22వ దాన్ని 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గుర్తించారు, అందుకే ఆ ఊరి పేరే ఉండిపోయింది. ముక్కలు మారాయని 1973లో జానెట్ రౌలీ చూపించారు. ఆ అతుకు దగ్గర బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు కలిసి ఒక కొత్త ప్రోటీన్‌ను పుట్టిస్తాయి. అది టైరోసిన్ కైనేజ్ రకం ఎంజైమ్. ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి వేరే ప్రోటీన్లకు తగిలిస్తూ, కణానికి పెరగమని చెబుతూనే ఉంటుంది. మామూలు ఏబీఎల్‌కు ఆపే మీట ఉంటుంది, దీనికి లేదు. ఇమాటినిబ్ వెళ్లి ఏటీపీ కూర్చోవాల్సిన చోటులో కూర్చుంటుంది. సంకేతం ఆగిపోతుంది.

అంటే గోలీ ఒంట్లో ఉన్నంతసేపే ఆ అడ్డు. రక్తంలో మందు సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలు పడుతుంది, అందుకే రోజూ వేసుకోవాలి. మజ్జలో మిగిలిన చెడ్డ మూలకణాలు మామూలు రక్తపరీక్షలో కనబడవు. వాటి జాడ పట్టేది బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష, మొదట్లో మూడు నెలలకోసారి చేయిస్తారు. కొన్నేళ్లపాటు అది బాగా తక్కువగా ఉన్న కొందరికి డాక్టర్లే మందు ఆపి చూస్తారు. అదీ తరచూ పరీక్షలు చేస్తూనే. మందు పనిచేయకుండా చేసే మార్పుల్లో మొండిది టీ315ఐ. మన ఇళ్లలో ఎంబీబీఎస్ చదివే పిల్లలకు పరీక్షలో తప్పకుండా ఎదురయ్యే పేరు ఇది.

నేను కామర్స్ వాణ్ణి, కాబట్టి ధర సంగతి వదలలేను. నోవార్టిస్ వారి గ్లివెక్ ఒకప్పుడు నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా ఉండేది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో, ఇంకొన్ని దేశీ కంపెనీలు పది వేల లోపే అదే మందు ఇచ్చాయి. పేటెంట్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడింది. చిల్కానగర్‌లో చిన్న జీతంతో నడిచే ఇంటికి ఆ తీర్పు చిన్న విషయం కాదు. ఆరోగ్యశ్రీ ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే కలవాలి. నిమ్స్‌కు పోవాలంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో మారితే చాలు, పంజాగుట్ట పక్క స్టేషనే.

ఇక రంజాన్. ఇమాటినిబ్‌ను అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, లేకపోతే కడుపులో తిప్పుతుంది. రోజుకు ఒక్కసారే వేసుకునేవాళ్లకు ఇఫ్తార్ తర్వాతకు మార్చడం కుదరొచ్చు. రెండో వరుస మందు నిలోటినిబ్ దీనికి పూర్తిగా ఉల్టా: ఖాళీ కడుపున, పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు. తినడంతో పాటు వేసుకుంటే మందు మోతాదు మించి రక్తంలోకి పోతుంది, గుండె లయకే ప్రమాదం. పేర్లు రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి డబ్బా తీసుకెళ్లి, రోజా సంగతి నెల ముందే డాక్టరుతో మాట్లాడండి.

కళ్ల చుట్టూ వాపు, కాళ్ల తిమ్మిర్లు మామూలే, వాటికి భయపడి ఆపొద్దు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఇమాటినిబ్‌ను కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది. అందుకే దగ్గుకు, జ్వరానికి గల్లీ క్లినిక్‌కు పోయినా సరే, ఇమాటినిబ్ వాడుతున్నామని మొదటే చెప్పాలి. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లయితే ఇంకా ముందు.